ఎండల్లో క్యారవాన్ కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వ్యానులో మంచాలు, ఫ్రిజ్, ఏసీ పెట్టించి క్యారవాన్‌గా మార్చుకున్నవాళ్ళు సంక్రాంతికి హాయిగానే తిరుగుతారు. ఏప్రిల్ వచ్చేసరికి కరెంటు చాలదు. ఎండ రెండు వైపులా దెబ్బ కొడుతుంది: ఏసీ, ఫ్రిజ్ ఎక్కువ తింటాయి, ప్యానెల్, ఇన్వర్టర్ తక్కువ ఇస్తాయి, బ్యాటరీ చార్జింగ్ ఆగిపోవచ్చు. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. లెక్కలన్నీ యూనిట్లలో చెప్పాం. కరెంటు బిల్లులో చూసే యూనిట్టే ఇది: వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్టు.

ప్రశ్న: మా వ్యానులో ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు, పైన 300 వాట్ల సోలార్ ప్యానెల్ ఉన్నాయి. మైపాడు బీచ్‌లో రాత్రి తొమ్మిదికి ఏసీ వేస్తే మొదటి రోజు పదకొండు దాకా వచ్చింది. రెండో రోజు పది కాకముందే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది. బ్యాటరీలు కొత్తవే. ఇంకో రెండు పెడితే తెల్లారేదాకా వస్తుందా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రాదండి. బ్యాటరీలలో లోపం లేదు, ఎవరూ లెక్క వేయకుండా బిగించారు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు. రెండూ కలిపి 3.6. ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీని రోజూ సగం కంటే కిందికి దించితే పలకలు త్వరగా పాడవుతాయి, కాబట్టి వాడుకోదగ్గది 1.8. అందులో పది పన్నెండు శాతం ఇన్వర్టరే తినేస్తుంది. ఏసీకి చేరేది 1.6 యూనిట్లు. పగలంతా కాలిన రేకు బండిని చల్లార్చడానికి మొదటి గంటలోనే 0.9 యూనిట్ పోతుంది, తర్వాత గంటకు అర యూనిట్. తొమ్మిదికి వేస్తే పదకొండు ప్రాంతంలో అయిపోవాలి. మీకు అయింది అప్పుడే.

రెండో రోజు ఇంకా ముందే ఎందుకు ఆగింది? 300 వాట్ల ప్యానెల్ మన ఎండలో రోజుకు సుమారు 1.1 యూనిట్లు ఇస్తుంది. పగలు ఫ్రిజ్, ఫ్యాన్లు అందులో సగం తీసుకున్నాయి. లెడ్ బ్యాటరీ ఎక్కించుకునేటప్పుడు కొంత వేడి రూపంలో పోయింది. సాయంత్రానికి బ్యాటరీ నిండలేదు. మీరు నిండిందనుకుని వేశారు.

ఇప్పుడున్న తీరులో తెల్లారేదాకా ఏసీ నడవాలంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి రాత్రికి అయిదున్నర యూనిట్లు కావాలి. సగమే వాడుకోవాలి గనుక ట్యూబులర్లలో 11 యూనిట్లు, అంటే ఆరు బ్యాటరీలు. ఒక్కోటి యాభై కిలోల పైమాటే. బండి మోయాల్సిన బరువు కాదది.

అందుకే డబ్బు పెట్టేముందు వాడకం తగ్గించండి. అద్దాలకు లోపలి పరదా కంటే బయటి కవరు చాలా మేలు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక పరదా దాన్ని ఆపినా వేడి బండిలోనే ఉండిపోతుంది. ముందు పెద్ద అద్దానికి మెరుపు షీటు బయటినుంచి కట్టండి. మంచాల దగ్గర, డ్రైవర్ సీటు వెనక, పైనుంచి కిందిదాకా మందపాటి పరదా వేస్తే ఏసీ చల్లార్చాల్సిన చోటు సగమవుతుంది. బండిని తూర్పు పడమరలుగా, ముక్కు తూర్పుకు పెట్టి నిలపండి. సాయంత్రపు పడమటి ఎండ వెనక తలుపుల మీదే పడుతుంది, పక్క అద్దాలకు తగలదు. ఏసీని 24లో కాకుండా 27లో పెట్టి, 12 వోల్టుల చిన్న ఫ్యాను మంచం వైపు తిప్పండి. ఆ ఫ్యాను తినేది 20 వాట్లు. అన్నిటికంటే ముఖ్యం, చీకటి పడగానే తలుపులన్నీ తీసి సముద్రపు గాలికి అరగంట బండిని ఆరనివ్వండి. సీట్లు, పరుపులు, చెక్క అరలు పట్టి ఉంచిన వేడి అలా ఉచితంగా పోతుంది.

ఇవన్నీ చేస్తే రాత్రి ఖర్చు మూడున్నర యూనిట్లకు దిగుతుంది. అప్పుడు 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు చాలు. వాటిలో 5.1 యూనిట్లు, తొంభై శాతం వాడుకున్నా 4.6. ఫ్రిజ్‌కు, ఫ్యాన్లకు ఒక యూనిట్ మిగులుతుంది. రోజూ తిరిగి నింపాలంటే పైన రెండు 400 వాట్ల ప్యానెళ్ళు కావాలి, వాటి నుంచి మూడు యూనిట్లు వస్తాయి. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ఉంటే బండి నడిచే గంటకు 0.4 యూనిట్. నెల్లూరు నుంచి ఒంగోలుకు రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో 0.8 యూనిట్ చేరుతుంది. కదలకుండా ఒకేచోట ఉంటే మాత్రం రెండు మూడు రోజులకోసారి ఎక్కడో ఒకచోట ప్లగ్గు పెట్టక తప్పదు. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు.

లిథియానికి మార్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. చార్జర్ సెట్టింగు మార్చకుండా పాతదానితోనే నడిపిస్తే, ట్యూబులర్ గళ్ళన్నీ సమంగా నిండడానికి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చేసే ఈక్వలైజేషన్ చార్జి 15 వోల్టులు దాటి లిథియం బ్యాటరీ తనంతట తానే ఆగిపోతుంది. 14.2 నుంచి 14.4 వోల్టులు పెట్టి, ఈక్వలైజేషన్ పూర్తిగా తీసేయండి. రెండోది: డీసీ-డీసీ చార్జర్ లేకుండా ఆల్టర్నేటర్ నుంచి నేరుగా లిథియానికి వైరు లాగకండి. ఖాళీ లిథియం ఎంత ఇస్తే అంత లాగేసుకుంటుంది. ట్రాఫిక్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను కూడా నెమ్మదే, డయోడ్లు కాలిపోతాయి. మూడోది: 2000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల మీద 190 ఆంపియర్లు లాగుతుంది. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, ప్రెస్సుతో నొక్కిన లగ్గులు (కేబుల్ చివర బిగించే కొనలు), బ్యాటరీకి జానెడు దూరంలో 250 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఏసీ అరగంట నడిచాక లగ్గుల దగ్గర కేబుల్ పైతొడుగు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలపలేకపోతే అక్కడ బిగింపు వదులైంది.

ప్రశ్న: 400 వాట్ల ప్యానెల్ కొంటే మిట్టమధ్యాహ్నం మీటర్లో 270 దాటడం లేదు. జనవరిలోనే ఎక్కువ చూపించింది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రావాలి కదా?
— కొత్తపట్నం నుంచి

జవాబు: ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. డబ్బా మీద రాసిన 400 వాట్లు ప్యానెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ 70 డిగ్రీలకు చేరితే పదహారు శాతం అక్కడే పోయింది. ప్యానెల్ నుంచి బ్యాటరీని నింపే కంట్రోలరు, వైర్లలో ఇంకొంచెం. 300 నుంచి 320 వాట్లు వస్తే అది మంచి ప్యానెలే. మీకు 270 అంటే ఇంకేదో ఉంది.

మొదట ప్యానెల్ కింద చెయ్యి పెట్టి చూడండి. రేకుకు అంటించేసి ఉంటే అసలు కారణం అదే. కనీసం రెండంగుళాల సందు వదిలి, ముందు వెనక గాలి ఆడేలా బిగించాలి. అలా చేస్తే పైకప్పుకు గొడుగు పట్టినట్టూ అవుతుంది, బండి లోపల వేడీ తగ్గుతుంది. రెండోది ఉప్పు. సముద్రం ఒడ్డున నాలుగు రోజులు నిలిపితే గాలికి వచ్చిన ఉప్పు, దుమ్ము కలిసి పొరలా పడుతుంది. తెల్లవారుజామున మంచినీళ్ళు, మెత్తటి గుడ్డతో కడగండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయకండి, పగలొచ్చు. మూడోది నీడ. ఏసీ అవుట్‌డోర్ పెట్టె నీడ ఒక మూల పడినా నష్టం ఆ మూలకే ఆగదు, లోపలి గళ్ళన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి మూడో వంతో, అంతకంటే ఎక్కువో పోతుంది.

కొందరు ప్యానెల్‌ను దక్షిణానికి వాల్చాలంటారు. వేసవిలో మనకు అక్కర్లేదు. ఏప్రిల్ నెలాఖరుకు నెల్లూరులో, మే మొదట్లో ఒంగోలులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు దాకా మధ్యాహ్నం పూట కొంచెం ఉత్తరానికే ఉంటాడు. బల్లపరుపుగా ఉన్న ప్యానెలే మేలు.

ఒక చిక్కు మాత్రం ఉంది: సరుగుడు తోపు నీడలో నిలిపితే బండి చల్లగా ఉంటుంది, ప్యానెల్ పనికిరాదు. మా మాట అడిగితే నీడనే ఎంచుకోండి. విడిగా 200 వాట్ల మడత ప్యానెల్ ఒకటి తెచ్చుకుని, 6 చదరపు మిల్లీమీటర్ల సోలార్ వైరుతో పది మీటర్ల దూరంలో ఎండలో పెట్టుకోండి. నీడ మిగిల్చే కరెంటు సోలార్ తెచ్చేదాని కంటే తరచూ ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న: బంధువుల ఇంటి ముందు బండి నిలిపి, హాల్లోని ప్లగ్గు నుంచి ముప్ఫై మీటర్ల వైరుతో కరెంటు తీసుకున్నాం. ఏసీ, బ్యాటరీ చార్జింగు నడుస్తుండగా టీ కోసం కెటిల్ వేశాం. కాసేపటికి ప్లగ్గు కరిగి వాసన వచ్చింది. చుట్టగా ఉన్న వైరు కూడా మెత్తబడింది. ఇంకో సంగతి, బండి రేకు ముట్టుకుంటే జివ్వుమంటోంది.
— కావలి నుంచి ఒక కుటుంబం

జవాబు: జివ్వుమనే సంగతి ముందు చెప్పాలి, అది ప్రాణం మీదికొచ్చేది. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, భూమితో సంబంధం ఉండదు. లోపల ఎక్కడైనా ఫేజు రేకుకు తగిలినా, చార్జర్ ఫిల్టర్ల నుంచి కరెంటు కొద్దిగా కారినా బండంతా కరెంటుతో ఉంటుంది. ఎర్త్ సరిగా ఉంటే అది భూమిలోకి పోయేది. మీకు పోవడం లేదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఒక పిల్లవాడు తలుపు పట్టుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఇది సరయ్యేదాకా ఆ ప్లగ్గు వాడొద్దు.

ఇంటి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పాతకాలపు అరవై క్యాండిల్ బల్బు పెడితే నిండుగా వెలగాలి. ఎల్‌ఈడీ బల్బుతో చూడకూడదు, అది చచ్చిన ఎర్త్ మీద కూడా వెలిగి మోసం చేస్తుంది. ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే లైను కట్ చేసే స్విచ్చు) ఉంటే బల్బు పెట్టగానే అది పడిపోవాలి, ఎర్త్ ఉందనడానికి అదే రుజువు. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి పని చేయకపోవడం మన వైపు మామూలే. రెండు బిందెల నీళ్ళు పోసి, మర్నాడు మళ్ళీ చూడండి. బండిలో కూడా, వైరు లోపలికి వచ్చేచోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఉండాలి. అది మాటిమాటికీ పడిపోతుంటే తీసేసేవాళ్ళున్నారు. అలా చేయకండి. ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే ట్రిప్ స్విచ్చులు) దించి ఒక్కొక్కటే ఎత్తండి, ఏది ఎత్తినప్పుడు పడుతుందో తప్పు ఆ లైనులోనే ఉంది. తరచుగా దొరికే దొంగలు కెటిల్ కాయిలు, తడిసిన జాయింటు.

ఇక కరగడం. హాల్లో ఉండేది 6 ఆంపియర్ల ప్లగ్గు, 1380 వాట్ల దాకా దాని ఓపిక. మీరు ఏసీకి 5, చార్జర్‌కు 5, కెటిల్‌కు 6.5, మొత్తం పదహారున్నర ఆంపియర్లు లాగారు. వైరు 1 చదరపు మిల్లీమీటరుది అయి ఉంటుంది. 14 ఆంపియర్లకే అలాంటి ముప్ఫై మీటర్ల వైరులో 17 వోల్టులు పోతాయి. 17ను 14తో గుణిస్తే దాదాపు 240 వాట్లు, నాలుగు అరవై క్యాండిల్ బల్బుల వేడి. చుట్ట విప్పి పరిస్తే ఆ వేడి గాలిలో కలిసేది. చుట్టలో ఉండబట్టి లోపలే ఉడికింది.

16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరు, అదీ పూర్తిగా విప్పి. ఇంతకు తక్కువ వద్దు. లో ఓల్టేజీ ఉన్న ఊళ్ళో సాయంత్రం ఇంట్లోనే 190 ఉంటే సన్న వైరు చివర 173 వస్తుంది. స్టెబిలైజర్ పెడితే ఏసీకి 230 ఇస్తుంది గానీ, అటువైపు నుంచి ఆంపియర్లు ఇంకా ఎక్కువ లాగుతుంది, వైరు ఇంకా కాలుతుంది. స్టెబిలైజర్ మంచి వైరుకు తోడుగా ఉండాలి, దానికి బదులుగా కాదు. చార్జర్ బ్యాటరీకి ఇచ్చేదాన్ని సాయంత్రం 20 ఆంపియర్లకు తగ్గించి, రాత్రి పదకొండు తర్వాత పెంచుకోండి. అప్పటికి ఊళ్ళో వాడకం తగ్గి ఓల్టేజీ పైకొస్తుంది. కెటిల్ వేసే అయిదు నిమిషాలు ఏసీ ఆపండి, లేదా టీ గ్యాసు మీదే పెట్టుకోండి.

ప్రశ్న: పొలం దగ్గర బోరు మోటారు స్టార్టర్ డబ్బా నుంచి బండికి కరెంటు తీసుకోవచ్చా?
— ఆత్మకూరు

జవాబు: వద్దు. వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఆ పొలం రైతుకు జరిమానా పడుతుంది. ప్రమాదం అంతకంటే పెద్దది. స్టార్టర్‌లో ఉండేవి మూడు ఫేజులు. న్యూట్రల్ అనుకుని రెండో ఫేజుకు తగిలిస్తే 230కి బదులు 415 వోల్టులు వచ్చి చార్జర్, ఏసీ బోర్డు ఒక్క క్షణంలో పోతాయి.

ప్రశ్న: కనిగిరి వైపు ఎక్కువగా తిరుగుతాం. ఏసీ లేకుండా కూలర్‌తో గడుస్తుందా?
— పొదిలి నుంచి

జవాబు: మీ వైపు గడుస్తుంది. కనిగిరి, పొదిలి, ఉదయగిరి ప్రాంతాల్లో పడమటి గాలి పొడిగా ఉంటుంది. తడి గడ్డి గుండా పోయిన గాలి బాగా చల్లబడుతుంది. చిన్న కూలర్ 100 నుంచి 150 వాట్లు, రాత్రంతా నడిచినా ఒకటిన్నర యూనిట్ లోపే. ఎదురు వైపు కిటికీ బెత్తెడు తీసి ఉంచాలి, లేకపోతే తేమ లోపలే నిలిచి ఉక్కపోస్తుంది. పది గంటలకు పదిహేను, ఇరవై లీటర్ల నీళ్ళు చూసుకోండి. అదే కూలర్‌ను కొత్తపట్నమో మైపాడో తీసుకెళ్తే పనికిరాదు. అక్కడి గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది, చల్లదనం రాదు, పరుపులు మాత్రం తడుస్తాయి. ఒడ్డున ఏసీనో, ఉత్త ఫ్యానో.

ప్రశ్న: లిథియం బ్యాటరీ మధ్యాహ్నం రెండింటికి చార్జింగ్ ఆపేస్తోంది, సాయంత్రం ఆరుకు దానంతటదే మళ్ళీ మొదలవుతోంది. అమ్మిన షాపులో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) మార్చాలంటున్నారు.
— సింగరాయకొండ

జవాబు: మార్చకండి, అది తన పని తాను చేస్తోంది. లోపలి సెల్స్ 55, 60 డిగ్రీల దగ్గరికి వస్తే బీఎంఎస్ చార్జింగ్ ఆపుతుంది. ఆపకపోతే బ్యాటరీ ఆయుష్షు కరిగిపోతుంది. అడగాల్సిన ప్రశ్న: బ్యాటరీ ఎక్కడ పెట్టారు? వెనక డిక్కీలో, కింద సైలెన్సర్ గొట్టం, పక్కన ఎండ తగిలే రేకు ఉంటే మే నెలలో అంత వేడి ఎక్కడం వింత కాదు. మంచం కింద, నేల మట్టాన, మనుషులు ఉండే చోటికి మార్చండి. ఇన్వర్టర్‌ను అదే పెట్టెలో మూయకండి, దాని వేడి బ్యాటరీకి ఎక్కుతుంది. పెట్టెకు కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం పెట్టి, కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను బిగించి, 38 డిగ్రీలకు తిరిగేలా థర్మోస్టాట్ పెట్టండి. మార్చేలోగా చార్జింగ్ పొద్దున పూట ఎక్కువగా, పన్నెండు దాటాక 40 ఆంపియర్లకు మించకుండా చూడండి. బండిని రోహిణి కార్తె ఎండల్లో వాడకుండా వారాల తరబడి నిలిపేస్తే బ్యాటరీ నిండుగా కాదు, సగంలో ఉంచాలి.

ట్యూబులర్ వాడేవాళ్ళకు ఒక మాట: దాన్ని మాత్రం మంచం కింద పెట్టకండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, బయటికి గొట్టం ఉన్న పెట్టె కావాలి. వేసవిలో రెండు వారాలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూడండి. బ్యాటరీ 40 డిగ్రీలు ఉంటే చార్జింగ్ 14.4 బదులు 14.1 వోల్టులు చాలు.

ప్రశ్న: ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్‌నే బండిలో పెట్టాం. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తున్నా రెండు రోజులకే బ్యాటరీ అయిపోతోంది. — కోవూరు

జవాబు: ఫ్రిజ్ ఒక్కటే నడుస్తోందనుకుంటున్నారు, దానికోసం ఇన్వర్టర్ ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉంటోంది. ఏ లోడూ లేకపోయినా అది 20, 25 వాట్లు తింటుంది, రోజుకు సుమారు అర యూనిట్. 43 డిగ్రీల బండిలో ఆ ఫ్రిజ్‌కు ఒక యూనిట్. నేరుగా 12 వోల్టుల మీద నడిచే 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఇదే ఎండలో 0.8 యూనిట్‌తో సరిపెడుతుంది, ఇన్వర్టర్ అక్కర్లేదు. వెంటనే మార్చలేకపోతే ఫ్రిజ్ వెనక నాలుగంగుళాలు వదిలి, కింద పైన గాలి రంధ్రాలు పెట్టండి. నీళ్ళ సీసాలు రాత్రి ప్లగ్గు ఉన్నచోటే చల్లబరచి బయల్దేరండి, వేడి సీసాలు దారిలో పెట్టకండి.

ప్రశ్న: బ్యాటరీ అయిపోతే రాత్రి ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోవచ్చా? పెట్రోల్ జనరేటర్ అయితే? — ఒంగోలు

జవాబు: ఇంజన్ పెట్టి పడుకోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిలిపిన బండి కిందికి చేరిన పొగను ఏసీ సందుల్లోంచి లోపలికి లాగుతుంది. జనరేటర్ వాడితే 2 కేవీఏ ఇన్వర్టర్ రకం చాలు, సగం లోడు మీద గంటకు అర లీటరు పైగా పెట్రోల్. బండికి ఇరవై అడుగుల దూరంలో, గాలి బండి నుంచి జనరేటర్ వైపు వీచేలా పెట్టాలి. మన తీరంలో సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి జనరేటర్ పడమటి వైపున. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగి భూమి వైపు నుంచి వీస్తుంది, పొగ బండి మీదికే వస్తుంది. కాబట్టి నిద్రపోయే ముందే రెండు గంటలు నడిపి బ్యాటరీ నింపుకుని, ఆపి పడుకోండి. జనరేటర్ చల్లారాకే పెట్రోల్ పోయండి. మంచం ఎత్తున కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించి, నెలకోసారి దాని బటన్ నొక్కి మోగుతుందో లేదో చూడండి.